ఉపేక్షిత ఫైళ్లు – మారుతున్న నియమాలు

పెదకాకాని పరిసరాలలోని మిరప రైతు కోత ముగిసిన తరువాత కాయను కల్లంలో ఎండబెడతాడు. ఎండిన కాయను కూలీలు కూర్చుండి ఏరుతారు. మేలైన ఎర్రకాయ ఒక కుప్పగాను, రంగు చెడి తెల్లబారిన తాలుకాయ వేరొక కుప్పగాను చేరుతవి. గుంటూరు యార్డుకు పోయే టిక్కీలలో మేలైన కాయకు ఉండే లెక్క వేరు. తాలుకాయ ఆ లెక్కలోనికి రాదు. అంతమాత్రాన దానిని ఎవరూ పారవేయరు. దానికి వేరే ధర, వేరే గిరాకీ ఉన్నవి. లెక్కలోనికి రానిది వేరు, అక్కరలేనిది వేరు అని రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈ భేదాన్ని కంప్యూటరుకు నేర్పడం మాత్రం అంత తేలిక కాలేదు. ప్రోగ్రాములు వ్రాసేవారు తమ ఫైళ్లలో కొన్నింటిని లెక్కలోనికి తీసుకొంటారు. కొన్నింటిని వదలివేయమని యంత్రానికి చెబుతారు. వదలివేసిన ఫైళ్లను ఏమి చేయవలెనన్న ప్రశ్నకు ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క సమాధానం వచ్చినది. సమాధానం మారినప్పుడల్లా కొందరి ఫైళ్లు అనుకోకుండా బయటపడినవి. మరికొందరి ఫైళ్లు ఆనవాలు లేకుండా పోయే ప్రమాదం ఏర్పడినది. నేడు ఉన్నత పాఠశాల విద్యార్థులు కూడ ప్రోగ్రాములు వ్రాస్తున్నారు. పెదకాకాని మండలంలోని నంబూరు మొదలుకొని గుంటూరు, విజయవాడల వరకు ఉన్న ఇంజనీరింగు కళాశాలలలో చేరిన వెంటనే వారికి ఈ పనిముట్లతో పరిచయం కలుగుతుంది. అందువలన ఈ చరిత్రను తెలుసుకొనడం వారికి అవసరం.

ప్రతులను అదుపులో ఉంచడం

ఒకే గ్రంథానికి అనేక ప్రతులు ఉన్నప్పుడు వాటిని ఎట్లా సంబాళించవలెననేది పాత సమస్య. తాళపత్ర గ్రంథాలను చేతితో నకలు చేసిన రోజులలో ప్రతి లేఖకుడూ ఏదో ఒక మార్పు చేసేవాడు. ఒక అక్షరం జారేది, ఒక పద్యం చేరేది. సి.పి. బ్రౌను దొర వేమన పద్యాలను సేకరించినప్పుడు ఇట్టి ప్రతులు అనేకం ఆయన చేతికి వచ్చినవి. ఆయన పండితులను నియమించి ప్రతులను ఒకదానితో ఒకటి పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించినాడు. వేమన పద్యాల సంపుటం 1829లో అచ్చయినది. ఏ పాఠాన్ని గ్రహించవలె, దేనిని వదలవలె అనే నిర్ణయం అక్కడ మనిషిదే.

కంప్యూటరు ప్రోగ్రాము కూడ ఒక విధమైన గ్రంథమే. దానిని ఒకరు వ్రాస్తారు, మరొకరు దిద్దుతారు, మూడవవారు ఒక భాగాన్ని తీసివేస్తారు. నిన్న చక్కగా నడిచిన ప్రోగ్రాము నేడు నడవకపోతే, నిన్నటికీ నేటికీ మధ్య ఏమి మారినదో తెలియవలెను. ఎవరు మార్చినారో, ఎందుకు మార్చినారో కూడ తెలియవలెను. ఈ పనిని యంత్రమే చేసే పద్ధతికి వెర్షన్ కంట్రోల్ అని పేరు. దీనిని తెలుగులో ప్రతుల నియంత్రణ అనవచ్చు. ప్రోగ్రాము యొక్క ప్రతి దశనూ ఈ పద్ధతిలో ఒక భాండాగారంలో నమోదు చేస్తారు. కావలసినప్పుడు ఏ పాత దశనైనా తిరిగి బయటకు తీయవచ్చు.

వర్తకుల లెక్కలతో పోల్చి చూస్తే ఇది సులభంగా బోధపడుతుంది. దినదినం జరిగినది చిట్టాలో ఎక్కుతుంది. చిట్టా నుండి ఆవర్జాకు పోతుంది. ఇవి రెండూ భద్రపరచవలసిన పుస్తకాలు. వీటికి తోడు తూకం చీటీలు, చిత్తు కాగితాలు బల్లమీద పడి ఉంటవి. వాటిలో చాలవరకు రేపటికి పనికిరావు. కాని ఏదో ఒక చీటీ మీద ఎక్కడా నమోదుకాని బాకీ వ్రాసి ఉండవచ్చు. బల్ల తుడిచే మనిషికి ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది? ఉపేక్షిత ఫైళ్ల సమస్య అంతా ఈ ప్రశ్నలోనే ఇమిడి ఉన్నది.

మొదటి యంత్రాంగాలు

1972లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో మార్క్ రాచ్‌కైండ్ అనే ఆయన ప్రోగ్రాముల ప్రతులను నియంత్రించే ఒక వ్యవస్థను నిర్మించినాడు. దానికి ఎస్.సి.సి.ఎస్. అని పేరు. మొదట ఐ.బి.ఎం. కంప్యూటరు మీద తయారైన ఈ వ్యవస్థ త్వరలోనే యూనిక్స్ వ్యవస్థకు చేరినది. ప్రతి దశలోనూ ఫైలునంతటినీ మళ్లీ దాచకుండా, మారిన పంక్తులను మాత్రమే దాచడం దీనిలోని ముఖ్య సూత్రం. ఆ రోజులలో కంప్యూటరు స్మృతి మిక్కిలి ఖరీదైనది కనుక ఈ పొదుపు అవసరమైనది.

1982లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ టిషీ మరొక వ్యవస్థను ప్రకటించినాడు. దాని పేరు ఆర్.సి.ఎస్. ఇది అన్నింటికంటె కొత్త ప్రతిని పూర్తిగా దాచి, పాత ప్రతులను వెనుకకు పోయే మార్పుల రూపంలో దాచేది. సాధారణంగా మనిషికి కావలసినది కొత్త ప్రతి కనుక అది వెంటనే చేతికి వచ్చేది.

ఈ రెండు వ్యవస్థలూ ఒక్కొక్క ఫైలును విడివిడిగా చూసేవి. పనివాడు స్వయంగా ఒక ఫైలు పేరు చెప్పి నమోదు చేయమంటేనే యంత్రం దానిని పట్టించుకొనేది. పేరు చెప్పని ఫైళ్ల జోలికి పోయేది కాదు. కావున ఫలానా ఫైళ్లను వదలివేయుమని ప్రత్యేకంగా చెప్పవలసిన పని ఆ కాలంలో పడలేదు.

అయితే వదలవలసిన ఫైళ్లు అప్పటికే పెరుగుతున్నవి. మనిషి వ్రాసిన ప్రోగ్రాము యంత్రానికి నేరుగా అర్థం కాదు. దానిని యంత్రభాషలోనికి మార్చవలెను. ఈ మార్పిడిలో మధ్యస్థ ఫైళ్లు అనేకం పుడతవి. 1976లో బెల్ ప్రయోగశాలలలోనే స్టువర్ట్ ఫెల్డ్‌మన్ తయారుచేసిన మేక్ అనే పనిముట్టు ఈ మార్పిడిని తనంత తాను జరిపించేది. మూలమైన ఫైలు మారితే దానినుండి పుట్టిన ఫైళ్లను అది మళ్లీ తయారుచేసేది. కాబట్టి ఇట్టి ఉత్పన్న ఫైళ్లను భద్రపరచనక్కరలేదనే అభిప్రాయం స్థిరపడినది. మూలం ఉన్నంతకాలం ఉత్పన్నం ఎప్పుడైనా పుడుతుంది. ఈ అభిప్రాయం సరియైనదే. కాని దీనినుండి ముందుకాలంలో ఒక పొరపాటు అనుమానం పుట్టినది: భద్రపరచని ఫైలు ప్రతిదీ మళ్లీ పుట్టించగలిగినదే అని.

ఉపేక్షా పట్టిక పుట్టుక

ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో డిక్ గ్రూన్ అనే అధ్యాపకుడు తన విద్యార్థులతో కలిసి ఒక ప్రోగ్రాము వ్రాస్తున్నాడు. ముగ్గురి పనివేళలూ వేరు. ఒకరు ఫైలును పట్టుకొని ఉంటే మరొకరు వేచి ఉండవలసి వచ్చేది. ఈ చిక్కును తప్పించుటకు ఆయన వ్రాసిన చిన్న ప్రోగ్రాముల సముదాయం 1986లో లోకానికి అందినది. 1989లో బ్రయాన్ బెర్లినర్ దానిని సి భాషలో తిరిగి నిర్మించినాడు. ఇదే సి.వి.ఎస్. అనే ప్రసిద్ధ వ్యవస్థ.

సి.వి.ఎస్. ఒక్కొక్క ఫైలును కాక, ఫోల్డరునంతటినీ కలిపి చూసేది. ఫోల్డరులో తనకు తెలియని ఫైలు కనబడితే దాని పక్కన ప్రశ్నార్థకం వేసి చూపేది. ఇది మంచి సౌకర్యమే. నమోదు చేయడం మరచిన ఫైలు ఏదైనా ఉంటే ఇట్టే తెలిసిపోతుంది. కాని ఉత్పన్న ఫైళ్లు వందల సంఖ్యలో ఉంటే ప్రశ్నార్థకాల వరుసలో అసలైనది కనబడదు. ఈ రద్దీని తగ్గించుటకు సి.వి.ఎస్.లో ఉపేక్షా పట్టికను ప్రవేశపెట్టినారు. ఫోల్డరులో డాట్ సి.వి.ఎస్. ఇగ్నోర్ అనే ఫైలును ఉంచి, అందులో వదలవలసిన పేర్లను గాని పేర్ల నమూనాలను గాని వ్రాస్తే, ఆ పేర్లకు సరిపోయే ఫైళ్లు ప్రశ్నార్థకాల వరుసలో కనబడవు. నక్షత్రపు గుర్తు ఏ అక్షరాలకైనా బదులుగా నిలుస్తుంది.

ఇదిగాక సి.వి.ఎస్. తన వెంట పుట్టుకతోనే ఒక పట్టికను తెచ్చుకొన్నది. ఎవరూ చెప్పకపోయినా అది కొన్ని పేర్లను వదలివేసేది. అందులో కోర్ అనేది ఒకటి. యూనిక్స్‌లో ఒక ప్రోగ్రాము కుప్పకూలినప్పుడు దాని స్మృతి అంతా కోర్ అనే పేరుగల ఫైలుగా పడుతుంది. దానిని వదలడం సమంజసమే. కాని ఒక నిర్మాణంలోని కీలకభాగానికి ఎవరైనా కోర్ అని పేరు పెట్టుకొంటే? కొత్త సరంజామానంతటినీ ఒక్కసారిగా భాండాగారంలోనికి చేర్చేటప్పుడు ఆ భాగం కూడ వదలివేతకు గురి కావచ్చును. పేరును బట్టి మాత్రమే నిర్ణయించే నియమానికి ఇది సహజమైన లోపం. తెల్లని కాయ అంతా తాలు అనుకొనేవాడు రంగును చూస్తాడే గాని కాయను చూడడు.

2000 సంవత్సరంలో సి.వి.ఎస్.కు బదులుగా సబ్‌వర్షన్ అనే వ్యవస్థ నిర్మాణం ఆరంభమైనది. 2004 ఫిబ్రవరిలో దాని మొదటి పూర్తి వెర్షన్ వెలువడినది. ఇందులో ఉపేక్షా పట్టిక ప్రత్యేకమైన ఫైలు కాదు. ఫోల్డరుకు అంటిపెట్టుకొని ఉండే ఒక గుణం. ఒక ఫోల్డరుకు పెట్టిన గుణం దానిలోని ఉపఫోల్డర్లకు వర్తించేది కాదు. ప్రతి ఉపఫోల్డరుకూ విడిగా చెప్పవలసి వచ్చేది. 2013 జూన్‌లో వెలువడిన 1.8 వెర్షన్‌లో వారసత్వంగా క్రిందికి దిగే ఉపేక్షా గుణం ఒకటి చేరినది. పై ఫోల్డరుకు ఒకసారి చెబితే క్రిందివాటికన్నిటికీ అది వర్తిస్తుంది. కొత్త వెర్షన్ ఉన్న యంత్రంలో వదలబడిన ఫైలు, పాత వెర్షన్ ఉన్న పక్క యంత్రంలో ప్రశ్నార్థకంతో కనబడేది. భాండాగారం ఒకటే, నియమం ఒకటే. చదివే యంత్రాలు వేరు. నియమాన్ని వ్రాసినవాడు మాత్రమే కాదు, దానిని చదివే యంత్రం కూడ ఫలితాన్ని నిర్ణయిస్తుందని దీనివలన స్పష్టమైనది.

గిట్ ఆగమనం

లైనక్స్ నిర్మాత లైనస్ టోర్వాల్డ్స్ కొంతకాలం బిట్‌కీపర్ అనే వ్యాపార సంస్థ పనిముట్టును వాడినాడు. 2005లో ఆ పనిముట్టును ఉచితంగా వాడుకొనే వీలు పోయినది. అప్పుడు ఆయన 2005 ఏప్రిల్‌లో తానే ఒక వ్యవస్థను వ్రాయ నారంభించినాడు. దానికి గిట్ అని పేరు పెట్టినాడు. కొన్ని నెలలకే దాని నిర్వహణ జునియో హమానో చేతికి వచ్చినది. నేడు ప్రపంచంలో ఎక్కువగా వాడుకలో ఉన్న ప్రతుల నియంత్రణ వ్యవస్థ ఇదే.

గిట్ దృష్టిలో ఫైళ్లు మూడు తరగతులు. భాండాగారంలో నమోదైనవి మొదటి తరగతి. ఫోల్డరులో ఉండి ఇంకా నమోదుకానివి రెండవ తరగతి. నమోదుకాకుండ ఉపేక్షా పట్టికలోని ఏదో ఒక నమూనాకు సరిపోయేవి మూడవ తరగతి. ఇవే ఉపేక్షిత ఫైళ్లు. ఒకసారి నమోదైన ఫైలుకు ఉపేక్షా పట్టిక వర్తించదు. నమోదైన తరువాత పట్టికలో పేరు చేర్చి, ఫైలు ఇంకా కనబడుతున్నదేమని ఆశ్చర్యపడే విద్యార్థులు నేటికీ ఉన్నారు.

పట్టికను మూడు చోట్ల ఉంచవచ్చును. భాండాగారంతో పాటు అందరికీ అందే డాట్ గిట్ ఇగ్నోర్ ఫైలు ఒకటి. ఆ ఒక్క భాండాగారానికి, ఆ ఒక్క యంత్రంలో మాత్రమే వర్తించే పట్టిక రెండవది. ఒక మనిషి యొక్క అన్ని పనులకూ వర్తించే సొంత పట్టిక మూడవది. ఒకే పట్టికలో పరస్పర విరుద్ధమైన నియమాలు ఉంటే చివర వ్రాసినది నెగ్గుతుంది. ఆశ్చర్యార్థకంతో ఆరంభమయ్యే పంక్తి, వదలివేసినదానిని మళ్లీ పిలుస్తుంది. సి.వి.ఎస్.లో ఒంటరి ఆశ్చర్యార్థకానికి అంతవరకు ఉన్న పట్టికనంతా తుడిచివేయుమని అర్థం ఉండేది. ఒకే గుర్తుకు రెండు వ్యవస్థలలో రెండు అర్థాలు ఏర్పడినవి.

నియమాలు మారిన సందర్భాలు

గిట్ వెలువడిన తరువాత దాని ఉపేక్షా నియమాలు పలుమార్లు మారినవి. వాటిలో కొన్నింటిని కాలక్రమంగా పరిశీలించడం ఉచితం.

2013 మార్చిలో వచ్చిన 1.8.2 వెర్షన్‌లో జంట నక్షత్రపు గుర్తుకు ప్రత్యేకార్థం కలిగినది. ఒక నక్షత్రం ఒక ఫోల్డరులోని పేర్లకే పరిమితం. జంట నక్షత్రం ఎన్ని అంతస్తుల ఉపఫోల్డర్లనైనా దాటిపోగలదు. అదే వెర్షన్‌లో చెక్ ఇగ్నోర్ అనే ఆదేశం కూడ చేరినది. ఒక ఫైలు పేరు చెబితే, అది ఏ పట్టికలోని ఎన్నవ పంక్తి వలన వదలబడుతున్నదో ఈ ఆదేశం చూపుతుంది. నియమం క్లిష్టమైన రోజుననే దానిని పరీక్షించే సాధనం కూడ అందడం హర్షించదగిన విషయం.

2014 మే నెలలో వెలువడిన 2.0 వెర్షన్ పంక్తి చివరనున్న ఖాళీ జాగాను పట్టించుకొనడం మానినది. అంతకుముందు పేరు తరువాత తెలియక ఒక ఖాళీ జాగా పడితే, ఆ ఖాళీ కూడ పేరులో భాగమేనని యంత్రం భావించేది. కంటికి కనబడని ఒక ఖాళీ వలన నియమం పనిచేయకపోయేది. ఈ మార్పు మేలే చేసినది. అయినా పాత వ్యవస్థతో పొసగని మార్పేనని నిర్మాతలు విడుదల పత్రంలో ఒప్పుకొని ముందుగా తెలియజేసినారు.

2016 జనవరిలో వచ్చిన 2.7 వెర్షన్ కథ మరింత బోధప్రదమైనది. ఒక ఫోల్డరునంతటినీ వదలి, అందులోని ఒక్క ఫైలును మాత్రం ఉంచుకొనవలెనని చాలమందికి కోరిక. గిట్‌లో ఇది నేరుగా సాధ్యం కాదు. ఫోల్డరును వదలుమని చెబితే యంత్రం ఆ తలుపు తెరిచి లోపలికి చూడదు. చూడకపోవడం వలననే దానికి వేగం కలుగుతున్నది. లోపలికి చూడని యంత్రానికి లోపలనున్న మినహాయింపు ఎట్లా తెలుస్తుంది? 2.7 వెర్షన్‌లో ఈ మినహాయింపును సాధ్యం చేసే మార్పు చేసినారు. కాని దానివలన నమోదుకాని ఫైళ్లను చూపే విషయంలోను, భాండాగారంలో కొంతభాగాన్ని మాత్రమే బయటకు తీసుకొనే విషయంలోను, అంతవరకు సరిగా నడిచినవి చెడినవి. మరుసటి నెలలో వచ్చిన 2.7.1 వెర్షన్‌లో ఆ మార్పును ఉపసంహరించినారు. ఆ ఒక్క నెలలో కొత్త నియమాన్ని నమ్మి పట్టికలు వ్రాసుకొన్నవారు వాటిని మళ్లీ తిరగవ్రాయవలసినదే. ఫోల్డరును కాక, ఫోల్డరులోని వస్తువులన్నిటినీ ఒక నక్షత్రపు గుర్తుతో వదలి, తరువాతి పంక్తిలో కావలసినదానిని ఆశ్చర్యార్థకంతో పిలవడమే అన్ని వెర్షన్‌లలోను పనిచేసే మార్గం.

2021 జూన్‌లో వెలువడిన 2.32 వెర్షన్ మరొక వాడుకను మాన్పించినది. కొందరు డాట్ గిట్ ఇగ్నోర్ స్థానంలో అసలు పట్టికను ఉంచక, ఫలానా చోటనున్న పట్టికను చూడుమని చెప్పే సూచికను ఉంచేవారు. దీనిని సిమ్‌లింక్ అంటారు. ఫోల్డరులో ఏ ఫైళ్లూ లేకుండ భాండాగారం ఒక్కటే ఉన్నప్పుడు కూడ నియమాలు చదవగలిగి ఉండవలెను. సూచిక ఉంటే అది కుదరదు. కావున ఈ స్థానంలోని సూచికను గిట్ అనుసరించడం మానినది. సూచిక మీద ఆధారపడినవారికి పట్టిక అంతా ఒక్కసారిగా మాయమైనట్లే. నిన్నటివరకు మరుగున ఉన్న ఫైళ్లన్నీ నమోదుకు సిద్ధంగా వరుసలోనికి వచ్చి నిలుస్తవి.

ఇందులో ప్రమాదం ఏమిటని విద్యార్థి అడగవచ్చు. ఉపేక్షిత ఫైళ్లలో ఉత్పన్న ఫైళ్లే కాక రహస్యాలు కూడ ఉంటవి. దత్తాంశాల గిడ్డంగిని తెరిచే సంకేతపదాన్ని ఒక ఫైలులో వ్రాసి, దానిని ఉపేక్షా పట్టికలో చేర్చి, తమ యంత్రంలోనే ఉంచుకొనడం సామాన్యమైన వాడుక. పట్టిక పనిచేయని రోజున, ఫోల్డరులో ఉన్నవన్నీ నమోదు చేయుమనే ఆదేశం ఇస్తే, ఆ రహస్యం కూడ భాండాగారంలోనికి పోతుంది. అక్కడనుండి ఇతరుల యంత్రాలకు చేరుతుంది. తరువాతి దశలో ఫైలును తీసివేసినా పాత దశలో అది నిలిచే ఉంటుంది; పాత దశలను మరువకపోవడమే ఈ వ్యవస్థ యొక్క గుణం. అట్టి సమయంలో సంకేతపదాన్ని మార్చడం తప్ప వేరు మార్గం లేదు.

నిశ్శబ్దంగా పోయే ఫైలు

దీనికి ఎదురు దిక్కున మరొక ప్రమాదం ఉన్నది. దీనిని ఒక ఉదాహరణతో వివరించవచ్చును.

పెదకాకానిలోని ఒక ఉన్నత పాఠశాలలో విద్యార్థులు మిరప, పత్తి ధరలను ప్రతిదినం నమోదు చేసి, వాటి ఎగుడుదిగుడులను గీతచిత్రాలుగా గీసే ప్రోగ్రాము ఒకటి వ్రాస్తున్నారనుకొందాము. ప్రోగ్రాము భాండాగారంలో ఉన్నది. ధరల ఫైలు మాత్రం ప్రతి యంత్రంలోను వేరుగా ఉంటుంది కనుక దానిని ఉపేక్షా పట్టికలో చేర్చినారు. ఒక విద్యార్థిని రెండు నెలలపాటు ప్రతి సాయంత్రం తన యంత్రంలో ధరలు ఎక్కించినది. ఇంతలో మరొక విద్యార్థి తన శాఖలో, నమూనాగా చూపుటకు, అదే పేరుగల ఫైలును బలవంతంగా నమోదు చేసినాడు. ఆతని పని ఎట్లా ఉన్నదో చూడవలెనని ఆమె తన యంత్రాన్ని ఆ శాఖకు మార్చినది.

ఇప్పుడు ఏమి జరుగుతుంది? ఆమె ఫైలు నమోదైనదై, అందులో నమోదుకాని మార్పులు ఉంటే గిట్ ఆగి, ముందు వాటి సంగతి చూడుమని చెప్పేది. ఫైలు నమోదుకాక, ఉపేక్షా పట్టికలో కూడ లేకపోతే, ఈ ఫైలు పోతుంది జాగ్రత్త అని చెప్పి నిరాకరించేది. కాని అది ఉపేక్షిత ఫైలు. కాబట్టి గిట్ ఒక్క మాట కూడ అనక దానిపై కొత్త ఫైలును వ్రాస్తుంది. ఆమె తిరిగి తన శాఖకు వచ్చినప్పుడు, ఆ ఫైలు ఈ శాఖలో నమోదైనది కాదు కనుక గిట్ దానిని తీసివేస్తుంది. చివరకు పాతదీ లేదు, కొత్తదీ లేదు. గిట్ ఎన్నడూ దానిని దాచలేదు కనుక గిట్ నుండి దానిని తిరిగి పొందే వీలు లేదు.

ఇట్లా ఎందుకు చేసినారంటే దానికి కారణం లేకపోలేదు. ఉపేక్షిత ఫైళ్లలో ఎక్కువ భాగం మేక్ వంటి పనిముట్లు పుట్టించినవే. శాఖ మార్చినప్పుడల్లా అట్టి ప్రతి ఫైలు దగ్గర ఆగి మనిషిని అడిగితే పని సాగదు. అందుచేత ఉపేక్షించినది పోయినా నష్టం లేదనే సిద్ధాంతాన్ని గిట్ నిర్మాతలు స్వీకరించినారు.

అయితే చాలకాలం ఈ సిద్ధాంతం గిట్ ఆదేశాలన్నిటిలో ఒకే విధంగా అమలు కాలేదు. శాఖ మార్చే ఆదేశం, శాఖలను కలిపే ఆదేశం ఉపేక్షిత ఫైలును తుడిచి ముందుకు పోయేవి. మరికొన్ని ఆదేశాలు అదే ఫైలు అడ్డువస్తే ఆగిపోయేవి. 2021 నవంబరులో వెలువడిన 2.34 వెర్షన్‌లో ఎలైజా న్యూరెన్ అనే నిర్మాత ఈ అసమానతను సవరించినాడు. అడ్డువచ్చిన ఉపేక్షిత ఫైళ్లను తొలగించి ముందుకు పోవడమే ఆ ఆదేశాలకు కూడ సాధారణ నియమమైనది. సూత్రం దృష్ట్యా ఇది సవరణయే. ఒకే ప్రశ్నకు ఒకే సమాధానం లభించినది. కాని ఫలానా ఆదేశం ఆగుతుందిలే అని అలవాటుపడినవానికి ఇది గట్టు తెగిన కాలువవంటిది. శాఖ మార్చే ఆదేశానికి మాత్రం, ఉపేక్షిత ఫైళ్లపై వ్రాయవద్దని స్పష్టంగా చెప్పే వీలు కలదు. చెప్పవలెనని తెలిసినవారికే అది ఉపకరిస్తుంది.

ఉపేక్షితమైనా విలువైన ఫైళ్లకు నాలుగవ తరగతి ఒకటి ఉండవలెననే ఆలోచన నిర్మాతలలో లేకపోలేదు. అట్టి ఫైళ్లను అమూల్యమైనవిగా గుర్తించి, నమోదు చేయకుండానే కాపాడవలెనని 2018లో ఒక ప్రతిపాదన వచ్చినది. 2023లో ఆ చర్చ మళ్లీ ఆరంభమైనది. ఇందులోని చిక్కు గమనింపదగినది. కొత్త గుర్తును పట్టికలో వ్రాస్తే, దానిని ఎరుగని పాత గిట్ ఆ పంక్తిని ఎట్లా చదువుతుంది? కాపాడుమని వ్రాసినదానిని మామూలు ఫైలు పేరుగా భావిస్తే, ఆ ఫైలు అసలు ఉపేక్షితమే కాక, నమోదుకు వచ్చి నిలబడుతుంది. లోగడ సబ్‌వర్షన్ విషయంలో చూసిన ఇబ్బందియే ఇక్కడ తిరిగి ఎదురవుతున్నది.

మార్పును ఎదుర్కొనే విధానం

ఈ చరిత్రనుండి ఉపాధ్యాయులూ విద్యార్థులూ కొన్ని జాగ్రత్తలు గ్రహించవచ్చు. మొదటిది, పనిముట్టు కొత్త వెర్షన్‌ను తెచ్చుకొనే ముందు దాని విడుదల పత్రాన్ని చదవడం. పైన చెప్పిన మార్పులలో ప్రధానమైనవి విడుదల పత్రాలలో ఉన్నవే. పత్రం చదవనివారికి మాత్రమే అవి ఆశ్చర్యం కలిగించినవి.

రెండవది, మార్పుకు ముందూ తరువాతా పరీక్షించడం. ఉపేక్షిత ఫైళ్లను కూడ కలిపి చూపుమని స్టేటస్ ఆదేశాన్ని అడిగితే, వాటి జాబితాను గిట్ ఇస్తుంది. పాత వెర్షన్‌తో ఒక జాబితా, కొత్త వెర్షన్‌తో ఒక జాబితా తీసి రెంటినీ పోల్చవలెను. భేదం ఉన్న ఫైలును గూర్చి చెక్ ఇగ్నోర్ ఆదేశాన్ని అడిగితే ఏ పంక్తి దానికి కారణమో, లేక ఏ పంక్తీ వర్తించడం లేదో తెలుస్తుంది. ప్రయోగశాలలో తూచే ముందు త్రాసును సరిచూసుకొనడం వంటిదే ఈ పని.

మూడవది, ఫోల్డరును శుభ్రపరచే ఆదేశాన్ని వాడేటప్పుడు తొందరపడకపోవడం. క్లీన్ అనే ఈ ఆదేశం సాధారణంగా ఉపేక్షిత ఫైళ్లను ముట్టదు. కాని ఎక్స్ అనే అక్షరాన్ని చేర్చితే వాటిని కూడ తుడిచివేస్తుంది. ఏవేవి పోతవో చూపి ఊరకుండుమని ముందుగా అడిగే సదుపాయం దానిలో ఉన్నది. ఆ జాబితాను చదివిన తరువాతనే అసలు ఆదేశం ఇవ్వవలెను.

నాలుగవది అన్నింటికంటె ముఖ్యమైనది. మళ్లీ పుట్టించలేని ఫైలును, అనగా కొలిచి వ్రాసిన దత్తాంశాలను, చేతితో ఎక్కించిన లెక్కలను, ఉపేక్షా పట్టికకు అప్పగించరాదు. వాటిని నమోదైనా చేయవలెను. లేదా భాండాగారపు ఫోల్డరుకు బయట వేరొక చోట ఉంచి, వాటికి మరొక నకలు తీసుకొనవలెను. రహస్యమైన సంకేతపదాలను కూడ ఫోల్డరు బయట ఉంచడమే మేలు. పైన చెప్పిన విద్యార్థిని తన ధరల ఫైలును ప్రక్క ఫోల్డరులో ఉంచి, దాని చిరునామాను మాత్రం ప్రోగ్రాముకు చెప్పి ఉంటే ఆమె రెండు నెలల పని నిలిచేది.

ఒక ఫైలును వదలుమని చెప్పినప్పుడు మనిషి మనస్సులో రెండు ఉద్దేశాలలో ఏదైనా ఉండవచ్చు: దీనిని భాండాగారంలో చేర్చవద్దని చెప్పడం ఒకటి, ఇది పోయినా ఫరవాలేదని చెప్పడం మరొకటి. సి.వి.ఎస్. కాలం నుండి నేటివరకు ఈ రెంటికీ ఒకే పట్టిక ఉన్నది. ఆ పట్టికను చదివే యంత్రం ఎప్పుడు ఏ అర్థాన్ని గ్రహిస్తుందో వెర్షన్‌ను బట్టి మారుతూ వచ్చినది. ఈ సంగతి ఎరిగిన విద్యార్థి తన పట్టికలోని ఒక్కొక్క పంక్తిని చూసి, ఈ ఫైలు రేపు లేకపోతే నేను దీనిని తిరిగి తయారుచేయగలనా అని ప్రశ్నించుకొంటాడు. చేయగలిగితే ఆ పంక్తిని ఉంచుతాడు. చేయలేకపోతే ఆ ఫైలుకు వేరొక చోటు చూస్తాడు. ఉపాధ్యాయులు ఈ ప్రశ్నను తరగతిలో మొదటి పాఠంనాడే వేయించడం మంచిది.